సింహముఖి పక్కరూపు

అస్థిదుర్గం కంటబడగానే తెడ్డు వేస్తున్న పైడి చేతులు ఆగిపోయాయి.

నల్లని సముద్రం మధ్య నిటారుగా లేచిన కొండ. కొండ మీద కోట. ఆ కోటకు రాయి లేదు, ఇటుక లేదు. తరతరాలుగా ఆ నీళ్లలో మునిగిన యుద్ధనౌకల పక్కటెముకలే దాని స్తంభాలు, వాటి అడుగుదూలాలే దాని వాసాలు. విరిగిన తెరచాప కొయ్యలు బురుజులై నిలబడ్డాయి. ఒకప్పుడు ఓడల ముక్కున ఠీవిగా ఊరేగిన చెక్కబొమ్మలు, గుర్రాలూ ఏనుగులూ రెక్కల దేవకన్యలూ, ఇప్పుడు గోడల నిండా మేకులతో బిగించి ఉన్నాయి. ఉప్పుగాలికి వాటి కళ్లు ఎప్పుడో రాలిపోయాయి. గాలి ఆ కళ్లగుంటల్లో దూరి వెళ్తుంటే కోట మొత్తం మూలిగినట్టుంటుంది. కట్టినవాడికి అదే సంగీతమట. వాడి చెవులు తగలబడ!

"ఇంకా ఎనక్కి ఎల్లిపోవచ్చురా సింగా," అంది పైడి గొంతు తగ్గించి.

"ఎల్లి ఏటి సేస్తాం వదినా? ఈడు ఇంకోడ్ని తెచ్చుకుంటాడు. ఆ వచ్చినోడు నిజం గీసేస్తే మన రేవు బూడిదైపోద్ది," అన్నాడు సింగన. "ఇప్పట్నుంచీ నన్ను అయ్యా అను. నువ్వు పైడయ్యవి, మర్చిపోకు."

సింగన సాగరవల్లి రాజ్యంలో ఓడల చిత్రకారుడు. ఆ రాజ్యంలో యుద్ధనౌక కట్టాలన్నా, పాతదాన్ని బాగుచేయాలన్నా ముందు దాని పక్కరూపు గీయాలి. అంటే ఓడను పక్క నుంచి చూస్తే ముక్కు దగ్గర్నుంచి వెనక చుక్కాని దాకా ఎలా ఉంటుందో అంగుళం తేడా లేకుండా గుడ్డ మీదికి దించాలి. పైడి అతని అన్న భీమన భార్య. భీమన సింహముఖి అనే మహానౌకకు చుక్కాని పట్టేవాడు. నిరుడు ఆ నౌక ఈ కోట ముందే, మనుషులందరితో సహా మునిగిపోయింది. సాగరవల్లి బలం కూడా దానితోనే మునిగింది.

ఇప్పుడు అస్థిదుర్గాన్ని ఏలే మాంత్రికుడు కంకాళభట్టు ఆ నౌకనే పైకి లేపాలని చూస్తున్నాడు. సరైన పక్కరూపు వాడి చేతిలో పడితే మునిగిన ఓడ లేస్తుంది. అందులో చచ్చినవాళ్లూ లేస్తారు. లేచి, వాడు చెప్పిన పని చేస్తారు. వాడు చెప్పబోయే పని ఏమిటో ముత్యాలరేవులో ఏ పసిపిల్లను అడిగినా చెబుతుంది. కాపలాకు ఒక్క నౌక కూడా మిగలని ఆ రాజధాని రేవును దాని సొంత నౌకతోనే, దాని సొంత బిడ్డల చేతులతోనే తగలబెట్టించడం.

అందుకే ఓడల చిత్రకారుడు కావాలని మాంత్రికుడు చాటింపు వేయించగానే సింగన పరదేశి వేషం కట్టి బయలుదేరాడు, ఆ పని చెడగొట్టడానికి. ఎలా చెడగొట్టాలో మాత్రం అతనికింకా తోచలేదు. పైడి జుట్టు ముడిచి తలపాగా చుట్టి, పంచె ఎగగట్టి, సామాను మోసే కూలీగా వెంట వచ్చింది. వద్దంటే వినే మనిషి కాదు.

కోటద్వారం దగ్గర పాచి పట్టిన కవచాలు తొడుక్కున్న కాపలాదార్లు వాళ్లను పట్టుకుని లోపలికి నడిపించారు. వాళ్ల చేతులు చేపల్లా చల్లగా, జిడ్డుగా ఉన్నాయి. బతికున్నవాళ్లో కాదో అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

కొండ అంచున, పైకప్పు లేని పెద్ద మండపం. మధ్యలో నల్లని కొలను. గాలి వీస్తున్నా ఆ నీటి మీద ఒక్క ముడత లేదు. కొలను పక్కన ఇనుపపట్టీలు బిగించిన రాతిపీట. మండపం గోడల గూళ్లలో కొందరు మనుషులు కూర్చుని ఉన్నారు. దగ్గరికి వెళ్తే గాని తెలియలేదు, ఆ కూర్చోవడం మనుషులు కూర్చునే తీరు కాదని. ఒకడి వెన్ను మధ్యకు విరిగి తల మోకాళ్ల మీద ఉంది. ఇంకొకడి తల నొక్కుకుపోయి ఉంది.

"రావయ్యా చిత్రకారుడా! భోజనం అయిందా?" అన్నాడు కంకాళభట్టు, పెళ్లివారిని పలకరించినట్టు. సన్నని మనిషి. చేపచర్మంతో కుట్టిన అంగీ, మెడలో పగడాల మధ్య మనుషుల పళ్లు, గడ్డం కొసన చిన్న శంఖం. కళ్లు మాత్రం చలాకీగా, నవ్వుతూ ఉన్నాయి.

"పద్ధతి చెబుతాను, విను. నువ్వు గీసిన గుడ్డను ఈ కొలనులో పరుస్తాను. గీత నిజమైతే ఓడ లేస్తుంది. అబద్ధమైతే ఆ అబద్ధం గీసినవాడి ఒంట్లోకి పోతుంది. ముక్కు తప్పితే తల. కొయ్యలు తప్పితే వెన్ను. ఓడ పక్కటెముకలు తప్పితే నీ పక్కటెముకలు. చుక్కాని తప్పితే పాదాలు. నా కొలను మహా న్యాయమైనది."

"ఎవడైనా కావాలనే అబద్ధం గీస్తే?" అన్నాడు సింగన, నవ్వు తెచ్చిపెట్టుకుని.

"గీయి నాయనా, ఎవరొద్దన్నారు?" కంకాళభట్టు పకపకా నవ్వాడు. "తన ఎముకలు తానే విరుచుకునే చిత్రకారుణ్ణి నేనింతవరకు చూడలేదు. నీకు కాపలా కూడా పెట్టను, పో."

వాడు జపానికి లోపలికి వెళ్లగానే చివరి గూట్లోంచి ఒక మూలుగు వినిపించింది. సింగన వెళ్లి చూసి నిలువునా కొయ్యబారిపోయాడు. అక్కడున్నది ఓబళాచార్యుడు. సింగన చేతికి మొదటిసారి చింతబొగ్గు ఇచ్చి గీత నేర్పిన గురువు. తీర్థయాత్రకు పోయాడని రేవులో అందరూ అనుకుంటున్న మనిషి. పక్కటెముకలు రెండువైపులా లోపలికి పోయి, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు చప్పుడవుతోంది.

"నాయనా, గొంతు విని పోల్చాను. ఏడవకు. వాడికి అనుమానం వస్తుంది."

"గురువుగారూ, మీ గీత తప్పడమేమిటి?"

"గీత తప్పలేదురా. మన ఆచారం తప్పింది."

సాగరవల్లిలో ఓడను ఎప్పుడు గీసినా అది మొదటిసారి నీళ్లను తాకిన రోజున ఉన్నట్టే గీస్తారు. దెబ్బ తిన్న పలక, అతుకు వేసిన కొయ్య, వంగిన అడుగుదూలం గుడ్డ మీదికి రాకూడదు. వస్తే ఓడకు ఆయుష్షు తగ్గుతుందని వాళ్ల నమ్మకం. రాజుగారి చిత్రశాలలో ఉన్న నౌకలన్నీ అలాంటివే. ఎన్ని యుద్ధాలు చేసినవైనా నలుగు పెట్టి కూర్చోబెట్టినట్టు నిగనిగలాడుతుంటాయి. ఆ బొమ్మలు చూసి నేర్చుకున్నవాళ్లే ఈ గూళ్లలో ఉన్నవాళ్లందరూ.

"నేను పెళ్లికూతుర్ని గీశాను నాయనా. వీడికి కావలసింది శవం," అన్నాడు ఓబళాచార్యుడు. "ఆఖరి యుద్ధానికి ముందు దాని మరమ్మతుకు కొలతలు తీసినవాడివి నువ్వు. దాని అసలు రూపు నీకొక్కడికే తెలుసు. నువ్వు మాత్రం గీయకు." ఈల చప్పుడు ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. సింగన ఆయన కళ్లు మూశాడు. ఏడ్చే వీలు కూడా లేకుండా వెనక అడుగుల చప్పుడైంది.

"ఏమంటున్నాడు ముసలాడు?" అన్నాడు మాంత్రికుడు.

"దాహమన్నాడు స్వామీ. పోయాడు." సింగన లేచి నిలబడ్డాడు. "మునిగిన ఓడను చూడకుండా గీస్తే నా గతీ ఇంతే. నేను కిందికి దిగి కొలవాలి."

కంకాళభట్టు ముఖం వికసించింది. "ఇంతమంది వచ్చారు, ఒక్కడూ ఈ మాట అనలేదు చూడు!" అంటూ మెడలోంచి ఒక పచ్చని మణి తీసి ఇచ్చాడు. "నాలుక కింద పెట్టుకో. అది నోట్లో ఉన్నంతసేపూ నీళ్లలో ఊపిరి ఆడుతుంది. ఉమ్మేశావో, నీ ఖర్మ."

సింహముఖి కొండకు ఎదురుగా, నీటి అడుగున రాతితిట్ట మీద ఒరగకుండా కూర్చుని ఉంది. సింగన కొలతకు ముడులు వేసిన దారం నడుముకు చుట్టుకుని, సీసపు గుండు చేత్తో పట్టుకుని దిగాడు. పైడి పడవలో ఉండిపోయింది.

అడుగున వెలుగు ఆకుపచ్చగా ఉంది. ఆ వెలుగులో మహానౌక మెల్లగా కంటబడింది. ముక్కున నోరు తెరిచిన సింహం, దాని కింది దవడ సగం విరిగి ఉంది. పక్కపలకల మీద నిప్పుకుండలు పేలిన మసి ఇంకా వదల్లేదు. సింగన పని మొదలుపెట్టాడు. ఒడ్డున ఒకచోట కూర్చుని చూసినట్టు గీస్తే ఓడ దగ్గరి కొస లావుగానూ దూరపు కొస సన్నగానూ వస్తుంది. పక్కరూపులో దగ్గరా దూరం అనేవి ఉండవు. ఓడ పొడవునా కదులుతూ, ఒక్కో పక్కటెముకకూ ఎదురుగా నిలబడి, గుండుదారం వదిలి, పైఅంచు ఎక్కడుందో అడుగు ఎక్కడుందో కొలిచి, ఆ కొలతలన్నీ ఒక్క గుడ్డ మీద కలపాలి. అడుగుదూలం నడుమ పైకి వంగి, రెండు కొసలూ వాలిపోయి ఉన్నాయి. నడిమి కొయ్య వెనక్కి వాలింది. గురువు చెప్పకపోయినా అతని చేతులకు ఇవన్నీ తెలుసు.

వెనకభాగానికి వచ్చేసరికి చుక్కాని లేదు. యుద్ధంలో ఎగిరిపోయింది. దాని స్థానంలో ఎవరో తెరచాప వాసం ఒకటి తెచ్చి, మోకులతో ఓడకు కట్టి, పెద్ద తెడ్డులా నీళ్లలోకి దించారు. ఆ వాసానికి తనను కూడా కట్టేసుకుని నిలబడి ఉన్నాడు భీమన.

ఆ సముద్రంలో ఏ మంత్రముందో ఏమో, అతని ముఖం చెడలేదు. మీసం నీళ్లలో కదులుతోంది. రెండు చేతులూ వాసం మీదే ఉన్నాయి. అన్నా అని పిలవబోయి, నోట్లో మణి ఉన్నదని గుర్తొచ్చి పళ్లు బిగించాడు.

సరిగ్గా అప్పుడే ఓడ కడుపులోంచి తాటిచెట్టంత మలుగుపాము దూసుకొచ్చింది. సింగన పక్కకు తప్పుకునేలోగా దాని తోక నడుముకు చుట్టుకుంది. ఒక్క బిగింపుకు మణి నోట్లోంచి ఎగిరి చీకట్లో పడిపోయింది. ముక్కులోకి, గొంతులోకి ఉప్పునీళ్లు. కళ్లముందు ఎర్రని చుక్కలు. పాము నోరు తెరిచి అతని తల వైపు వంగింది.

పైనుంచి కత్తి పట్టుకుని పైడి దిగింది. చిన్నప్పట్నుంచీ ముత్యాల కోసం మునిగిన మనిషికి మణీ అక్కర్లేదు, మంత్రమూ అక్కర్లేదు. పాము కంట్లో కత్తి పిడిదాకా దించి తిప్పింది. నల్లని నెత్తురు పొగలా కమ్మింది. పాము తన్నుకుంటూ ఓడ వెనకభాగానికి కొట్టుకుంది, పైడి కూడా దానితోపాటు అటు విసురుకుపోయింది. మరుక్షణం తిరిగి వచ్చి సింగన జుట్టు పట్టుకుని పైకి ఈడ్చింది.

పడవలో బోర్లా పడుకుని నీళ్లు కక్కుకున్నాక సింగన అడిగాడు. "ఓడ ఎనకేపుకి ఎల్లినావా వదినా?"

"లేదు. నెత్తురులో ఏటీ కానరానేదు," అంది పైడి.

అబద్ధం. ఆమె చూసింది. చేయి చాస్తే అందేంత దగ్గర్లో, నిన్న నిద్రపోయినవాడిలా ఉన్న మొగుణ్ణి చూసింది. తలపాగా జారిపోతే మళ్లీ చుట్టుకునే మిషతో ముఖం అటు తిప్పుకుంది. ఒకరి బాధ ఒకరికి తెలియకుండా దాచాలని చూసే ఇంటివాళ్లలో అదే చిక్కు.

మండపంలో కరక్కాయ రసంలో నానబెట్టి ఎండేసిన గుడ్డను సింగన నేల మీద పరిచాడు. చింతబొగ్గుతో ముందు అడుగుగీత, దాని మీద పక్కటెముకల గుర్తులు. తర్వాత సన్నని వెదురుకలంతో, తుప్పూ బెల్లమూ ఊరబెట్టిన నల్లసిరాలో ఒక్కో గీతా గట్టిపరిచాడు. సింహం విరిగిన దవడ, వాలిన కొయ్య, వంగిన అడుగు, మసిబారిన పలకలు అన్నీ ఉన్నవి ఉన్నట్టు. అతని దేశంలో అంతవరకు ఎవరూ గీయని బొమ్మ అది. గాయపడిన ఓడ బొమ్మ.

"అంతా నిజమే గీసేత్తన్నావేటి?" అంది పైడి, సిరాబుడ్డి పట్టుకుని పక్కన కూర్చుని.

"అంతా కాదు. సుక్కాని ఒక్కటి తప్పు గీస్తాను. కొత్త ఓడకు ఉన్న సుక్కాని పెడతాను. తప్పు గీసిన ముక్క ఒక్కటీ లేవదు, మిగతా ఓడ లేస్తాది." సింగన గొంతు బాగా తగ్గించాడు. "కింద నీటిపోటు సూసినాను వదినా. అంతా ఈ కొండ మొదలుకే లాగుతాంది. సుక్కాని లేకుండా అంత ఓడ లేస్తే నేరుగా వచ్చి ఈ కోట కాళ్లకు గుద్దుకుంటాది. ఓడా పోద్ది, కోటా పోద్ది, ఈడి కొలనూ పోద్ది."

"మరి నీ కాళ్లు?"

"పోతాయి. గీసీది సేతుల్తో కదా."

పైడి సిరాబుడ్డి కింద పెట్టింది. "మీ అన్న?" అంది.

"అన్న ఎప్పుడో పోయాడు వదినా."

ఆమె తల ఊపింది. సింగన చుక్కాని దగ్గరికి వచ్చి బొగ్గుతో కొత్త చుక్కాని గీశాడు. దానిమీద సిరా దిద్దబోయి ఆగాడు. అతను పుట్టి బుద్ధెరిగాక అబద్ధాన్ని సిరాలో వేయలేదు. బొగ్గుగీత చాలు, నీటికి అదీ గీతే అని సర్దిచెప్పుకుని కలం కింద పెట్టాడు. పాదాలు పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డవాడికి ఈ ఒక్క పట్టింపు ఎందుకో! అదే కొంప ముంచింది.

సూర్యుడు నడినెత్తికి వచ్చి, దేనికీ నీడ లేని వేళ కంకాళభట్టు కొలను దగ్గరికి వచ్చాడు. కాపలాదార్లు సింగనను రాతిపీట మీద కూర్చోబెట్టి, నడుముకూ చేతులకూ ఇనుపపట్టీలు బిగించారు. గుడ్డను నీటి మీద పరిచారు. సింహం ఉన్న కొసను మాంత్రికుడు పట్టుకున్నాడు. చుక్కాని కొస పట్టుకోమని పైడికి సైగ చేశాడు. వాడు కళ్లు మూసుకుని మంత్రం మొదలుపెట్టగానే కోట గోడల మీది చెక్కబొమ్మలన్నీ ఒక్కసారి మూలిగాయి.

నీరు గుడ్డలోకి ముక్కు వైపు నుంచి ఎక్కసాగింది. సింగన నెత్తి మీద చల్లని వేలు పెట్టినట్టయింది. ఆ చలి నుదుటి మీదికి, మెడ మీదికి దిగింది. నొప్పి లేదు. కొయ్యల దగ్గరికి వచ్చేసరికి వెన్ను జివ్వుమంది. ఒక్కో పూసనూ ఎవరో లెక్కపెట్టి వదిలినట్టు, వెన్నంతా దిగింది. నొప్పి లేదు. పక్కటెముకలు దాటింది. కింద సముద్రం బుసబుసమని పొంగడం మొదలైంది. చలి తొడల్లోకి, మోకాళ్లలోకి దిగుతోంది. సింగన పళ్లు బిగించి పాదాల వైపు చూసుకున్నాడు. చిన్నప్పుడు ఇసుకలో అన్న వెంట పరిగెత్తిన పాదాలు. సరే, పోనీ అనుకున్నాడు.

అప్పుడు పైడి కదిలింది.

మాంత్రికుడి కళ్లు మూసే ఉన్నాయి. ఆమె తడిచెయ్యితో బొగ్గుగీతను ఒక్క తుడుపు తుడిచింది. కొత్త చుక్కాని నల్లటి మరకై, ఆ మరకా పోయింది. నడుంలోంచి సిరాబుడ్డి, వెదురుకలం తీసి కలాన్ని సిరాలో ముంచింది. ఆమెకు గీయడం రాదు. కానీ పొడుగ్గా, వాలుగా ఒక వాసం, దానికి మూడు చుట్ల మోకు గీయడానికి పెద్ద చదువేం కావాలి? కళ్లారా చూసిన మనిషి చేతికి అది తప్పలేదు.

సింగన పీట మీద గింజుకున్నాడు. అరిస్తే మాంత్రికుడికి తెలిసిపోతుంది, అరవకపోతే ఓడ చుక్కానివాసంతో సహా లేస్తుంది. "వదినా, వద్దు!" అని పెదాలతోనే అన్నాడు.

పైడి కళ్ల నిండా నీళ్లున్నాయి. ఆమె కూడా పెదాలతోనే అంది. "నీ కాల్లు నీకుంటాయి. ఆడు నాకుంటాడు."

చలి సింగన పాదాల్లోకి దిగి, వేళ్ల కొసల దాకా వెళ్లి, ఏమీ చేయకుండా వెళ్లిపోయింది. పట్టీలు వాటంతటవే ఊడిపడ్డాయి.

సముద్రం బద్దలైంది. ముందు నడిమి కొయ్య, దాని మీద చీలికలై వేలాడే తెరచాపలు. తర్వాత ఉప్పునీళ్లు కారుతూ విరిగిన దవడ సింహం. నాచు, శంఖాలు, పీతలు జలజలా రాలుతుండగా మహానౌక సింహముఖి నీటి మీదికి లేచి, ఒక్కసారి ఊగి నిలబడింది. రెండు అంచుల వెంబడీ వరసలు కట్టి మనుషులు లేచి నిలుచున్నారు. అందరూ ముత్యాలరేవు బిడ్డలే. సింగనకు పేరుపేరునా తెలిసినవాళ్లు. ఒక్కరి కళ్లలోనూ చూపు లేదు. వెనకభాగాన భీమన వాసాన్ని తిప్పాడు. కొండ మొదలుకు కొట్టుకుపోవలసిన ఓడ నీటిపోటుకు ఎదురు తిరిగి, మర్యాదగా మండపం కిందికే వచ్చి ఆగింది.

"శభాష్! కాలిగోరు కూడా తప్పలేదే!" అంటూ కంకాళభట్టు సింగన భుజం తట్టాడు. తర్వాత అంచు దగ్గరికి వెళ్లి గొంతెత్తాడు. "ముత్యాలరేవు! ఇల్లు గాని, పడవ గాని, మనిషి గాని మిగలకూడదు!"

చచ్చినవాళ్లు వంగి నిప్పుకుండలు చేతికి తీసుకున్నారు. ఆ నీళ్లలో నానిన కుండల్లో నిప్పు ఎలా అంటుకుందో ఆ మాంత్రికుడికే తెలియాలి.

అందరికంటే ముందు పైడి కదిలింది. తలపాగా విసిరేసి, "మావా!" అని కేక వేసి, కొండ అంచునుంచి నేరుగా ఓడ మీది తెరచాప మోకు అందుకుని జారింది. జుట్టు విరబోసుకుని, పలకల మీద పడుతూ లేస్తూ భీమన దగ్గరికి పరిగెత్తింది. అతని చేతులు పట్టుకుంది. ముఖం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. పైనుంచి చూస్తున్న సింగనకు ఆమె మాటలన్నీ వినిపిస్తూనే ఉన్నాయి.

"మావా, నాను. పైడిని. ఒకపాలి సూడు. మనూరు అటుంది, అటెల్లకు. మీ యమ్మ ఉంది మావా అక్కడ. ఓలమ్మో, ఈ సేతులేటి ఇంత సల్లగున్నాయి!"

భీమన ఆమెను చూడలేదు. ఆమె అడ్డు నిలబడితే పక్కకు జరిపి, వాసాన్ని ముత్యాలరేవు దిక్కుకు తిప్పాడు. ఆమె తన బలమంతా పెట్టి లాగింది. గోళ్లతో రక్కింది. అతని చేతులు కదల్లేదు. బతికున్నప్పుడు తుఫాను కూడా ఆ చేతులను కదిలించలేకపోయిందని రేవంతా చెప్పుకునేవారు.

"ఆడదా!" అని కంకాళభట్టు ముచ్చటపడ్డాడు. "పోనీ, పోనీ. ఆవిడా చూస్తుంది ఊరు కాలడం." కొలనులోంచి గుడ్డను జాగ్రత్తగా ఎత్తాడు. ఎత్తేటప్పుడు సింహం ఉన్న కొస పీట ఇనుపపట్టీకి తగులుకుని పర్రుమని బెత్తెడు చిరిగింది.

కింద ఓడ ముక్కున సింహం తల ఫెళ్లున చీలి, సగం సముద్రంలో పడింది.

మాంత్రికుడి ముఖంలో నవ్వు మొదటిసారి చెరిగింది. గబగబా గుడ్డను చుట్టబోయాడు. సింగన ఒక్క గెంతు గెంతి వాడి మీద పడ్డాడు. ఇద్దరూ కొలను అంచున దొర్లారు. వాడి గోళ్లు సింగన చెంప చీల్చాయి. సింగన రాతిపీట కింద దొరికిన ఇనుపపట్టీతో వాడి గడ్డం కొసనున్న శంఖం మీద కొట్టాడు. శంఖం పగలగానే వాడు పసివాడిలా కెవ్వుమని నోరు పట్టుకుని వెల్లకిలా పడ్డాడు. గుడ్డ సింగన చేతిలోకి వచ్చింది. అతను కొండ అంచుకు పరిగెత్తాడు. కాపలాదార్లు విళ్లు ఎక్కుపెట్టారు.

"చింపు!" అన్నాడు కంకాళభట్టు, రక్తం ఉమ్మేస్తూ. "చింపు నాయనా. ఓడతోపాటు ఆ ఆడది కూడా పోతుంది. సముద్రం వాళ్లను తీసుకుపోతే ఈసారి నా మంత్రానికి కూడా దొరకరు. నీ చేతులారా చంపుకో."

సింగన చేతులు బిగుసుకుపోయాయి. సింహముఖి అప్పటికే కొండను వదిలి కదులుతోంది. తెరచాప చీలికల్లోకి ఎక్కడిదో గాలి దూరింది. వెనకభాగాన పైడి తల ఎత్తింది. అతని చేతిలో గుడ్డ చూసింది. సగం తల పోయిన సింహాన్ని చూసింది. ఆమెకు అర్థమైపోయింది.

"సింగా!" అని అరిచింది. "సింపెయ్యి!"

"దూకెయ్యి వదినా! దూకి ఈదుకో!"

"ఈడ్ని ఒగ్గి రాలేను. తప్పు నాదే, నానే గీసినాను." ఆమె రెండు చేతులూ భీమన నడుం చుట్టూ వేసింది. "ఊరి కోసం సచ్చినోడురా. ఈడి సేత ఊరు కాల్పించకు. సింపెయ్యిరా మరిదీ, నా మాట ఇను!"

సింగన ఏడుస్తూ చింపాడు. నేత వెంబడి గుడ్డ పర్రుమంటూ చీలింది. కింద పలకలు విడిపోయాయి. ముందు కొయ్య ఒరిగి, నిప్పుకుండలతో నిలబడ్డవాళ్ల మీద పడింది. చినుగు నడిమి కొయ్యకు వచ్చింది. అది కూలింది. అంచు వెంబడి నిలుచున్న ముత్యాలరేవు బిడ్డలు ఒక్కొక్కరే, ఏ చప్పుడూ లేకుండా నీళ్లలోకి జారిపోయారు. చినుగు వెనకభాగానికి వచ్చింది. అక్కడ, గుడ్డ మీద, చెయ్యి తిరగని మనిషి గీసిన వాసమూ మూడు చుట్ల మోకూ ఉన్నాయి. సింగన ఆ గీతలను చూశాడు. తర్వాత కిందికి చూశాడు.

చేతులు ఆగలేదు.

ఓడ నడుమకు విరిగి, వెనకభాగం నిటారుగా లేచింది. భీమన చెయ్యి వాసాన్ని వదిలింది. అది పైడి భుజం మీద వేశాడో, ఓడ విరిగినందుకు పట్టు జారిందో సింగనకు తెలియలేదు. ఇద్దరూ ఒక్కచోటే మునిగారు. ఆ చోట నీళ్లు గిర్రున సుడి తిరిగాయి.

"పట్టుకోండి! బతికుండాలి, వీడి చేతులు నాకు కావాలి!" అని వెనకనుంచి కంకాళభట్టు అరుస్తున్నాడు. మొదటి బాణం సింగన చెవి పక్కనుంచి పోయింది. రెండోది భుజంలో దిగింది. అతను చిరిగిన గుడ్డను నడుముకు చుట్టి, మొలలో ఉన్న కలం చెక్కే కత్తి తీసి పళ్ల మధ్య కరుచుకుని, వదినను మింగిన ఆ సుడి మధ్యలోకే దూకాడు.